లేబర్ రూమ్‌లో మూడు భయాలు: మెగ్నీషియం, ఫిట్స్, కాన్పు తర్వాత రక్తస్రావం

ప్రశ్న: జనరల్ వార్డు నుంచి ఈమధ్యే లేబర్ రూమ్‌కి మారాను. మామూలు కాన్పులంటే బెరుకు పోయింది. కానీ బీపీ పెరిగిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ పెట్టమంటే మాత్రం చేతులాడవు. ఎంత కలపాలో, పెట్టాక ఏం చూడాలో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. ఫిట్స్ వస్తే అందరం ఒకేసారి పరిగెడతాం, ఎవరు ఏం చేస్తున్నారో ఎవరికీ తెలియదు. ఇక కాన్పయ్యాక రక్తం పోతుంటే అది మామూలేనా, ఎక్కువా అన్నది చూసి చెప్పలేకపోతున్నాను. అనుభవం మీద కంటికే తెలుస్తుందని సీనియర్లు అంటున్నారు. అప్పటిదాకా నేనేం చేయాలి?
ఒక స్టాఫ్ నర్సు

సమాధానం:

సిస్టర్, మీ చివరి మాటతోనే మొదలుపెడతాం. పోయిన రక్తాన్ని అనుభవం మీద కంటితో అంచనా వేయవచ్చన్నది లేబర్ రూముల్లో పాతుకుపోయిన అపోహ. ఏళ్ల తరబడి కాన్పులు చేసినవాళ్లు కూడా తక్కువే చెబుతారు. పైగా రక్తం ఎంత ఎక్కువ పోతే అంచనా అంత తప్పుతుంది. గుడ్డల్లో ఇంకింది, ఉమ్మనీటిలో కలిసింది, తల్లి నడుము కిందికి జారి గడ్డకట్టింది కంటి లెక్కకు అందవు. మెగ్నీషియం సంగతీ అంతే. 'బాగానే ఉంది, పడుకుంది' అనుకున్న మనిషికి మందు ఎక్కువై ఊపిరి మందగిస్తూ ఉండవచ్చు. అందుకే మీరడిగిన మూడింటికీ మేం చెప్పేది ఒకటే పద్ధతి: కొలవాలి, టైము వేసి రాయాలి, ముందే అనుకున్న అంకె దాటగానే పిలవాలి. దీనికి ఏళ్ల అనుభవం అక్కర్లేదు, మొదటి రోజు నుంచే చేయవచ్చు.

ఇక్కడ రాసిన మోతాదులు ప్రామాణికంగా వాడుకలో ఉన్నవి. మందు డాక్టర్ ఆర్డర్ మీదే ఇవ్వాలి. మీ యూనిట్‌కి రాతపూర్వక ప్రొటోకాల్ ఉంటే దాన్నే పాటించండి. లేకపోతే రాయించి గోడకు అంటించమని అడగండి. ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పడానికి అసలు కారణం ఆ కాగితం లేకపోవడమే.

ముందు బీపీ సరిగ్గా చూడటం

మెగ్నీషియం దాకా వెళ్లే ముందు ఆ బీపీ అంకె నిజమైనదో కాదో చూసుకోవాలి. గర్భిణిని 5 నిమిషాలు కూర్చోబెట్టి, వీపుకు ఆనుడు ఇచ్చి, పాదాలు నేలకు ఆనించి, చేయి గుండె ఎత్తులో పెట్టి చూడండి. వెల్లకిలా పడుకోబెట్టి చూడకూడదు. బరువైన గర్భసంచి పెద్ద రక్తనాళాలను నొక్కడం వల్ల బీపీ తగ్గిపోతుంది. ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి పైచేతికి కఫ్ కట్టినా అంతే, చేయి గుండె కంటే ఎత్తులో ఉండటంతో తక్కువ చూపిస్తుంది. లావు చేతికి చిన్న కఫ్ కడితే ఎక్కువ చూపిస్తుంది. కఫ్ లోపలి గాలి సంచి చేతి చుట్టుకొలతలో కనీసం 80 శాతం చుట్టాలి.

20 వారాలు దాటాక 140/90 గానీ అంతకు మించి గానీ ఉండి, 4 గంటల తేడాతో రెండోసారి చూసినా అలాగే ఉంటే అది బీపీ సమస్యే. దానికి మూత్రంలో ప్రొటీన్ గానీ, కాలేయం, కిడ్నీలు, ప్లేట్‌లెట్లు, మెదడు దెబ్బతింటున్న గుర్తులు గానీ తోడైతే ప్రీఎక్లాంప్సియా. ప్రొటీన్ లేదు కదా అని ఊరుకోవడం ఇప్పటికీ చాలాచోట్ల కనిపించే పొరపాటు. మిగతా గుర్తులు ఉంటే ప్రొటీన్ లేకపోయినా అది ప్రీఎక్లాంప్సియానే. కాళ్ల వాపును మాత్రం మరీ పట్టుకోకండి. బీపీ లేని గర్భిణుల్లోనూ అది మామూలే.

పైది 160 లేదా కిందిది 110 చేరితే 15 నిమిషాల్లో మళ్లీ చూడండి. అప్పుడూ అంతే ఉంటే అది ఎమర్జెన్సీ. మందు 30 నుంచి 60 నిమిషాల్లోపు పడాలి. ఇక్కడ మనం భయపడేది మెదడులో రక్తస్రావానికి. నిఫెడిపిన్ 10 మి.గ్రా. మాత్ర మింగిస్తారు. క్యాప్సూల్‌ను సూదితో గుచ్చి నాలుక కింద పిండే పాత అలవాటు వద్దు, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. లేదంటే లాబెటలాల్ ఐవీ, అంటే నరం ద్వారా, నెమ్మదిగా ఇస్తారు. ఆస్తమా ఉందా అని అడగకుండా లాబెటలాల్ పట్టుకోవద్దు. 140-150/90-100 దగ్గరికి వస్తే చాలు. ఇంకా కిందికి దించితే మాయకు రక్తం తగ్గి బిడ్డ గుండె చప్పుడు పడిపోతుంది.

తలనొప్పి తగ్గడం లేదన్నా, కళ్లు మసకబారుతున్నాయన్నా, కళ్ల ముందు మెరుపులన్నా, పొట్ట పైభాగంలోనో కుడి డొక్క కిందో నొప్పి అన్నా, వాంతులన్నా బీపీ అంకె ఎలా ఉన్నా డాక్టర్‌కి చెప్పండి. పొట్ట పైనొప్పిని గ్యాస్ అనుకుని యాంటాసిడ్ ఇచ్చి పంపడం ఎంత తేలికో, దాని వెనక కాలేయం వాపు ఉంటే పరిణామం అంత ఘోరం.

మెగ్నీషియం: కలపడం

ముందు ఒక విషయం. మెగ్నీషియం బీపీ మందు కాదు. ఫిట్స్ రాకుండా, వస్తే మళ్లీ రాకుండా ఇచ్చే మందు. 'మెగ్నీషియం పెట్టాం కదా' అని బీపీ మందు ఆపకూడదు. 2002లో వెలువడిన మాగ్పై ట్రయల్ అనే పరిశోధనలో ప్రీఎక్లాంప్సియా ఉన్నవాళ్లకు ఈ మందు ఇస్తే ఫిట్స్ వచ్చే ముప్పు సగానికి పైగా తగ్గింది. అంతకుముందు 1995లోనే, ఫిట్స్ వచ్చినవాళ్లలో డయజిపామ్ కంటే, ఫెనిటాయిన్ కంటే ఇదే మేలని తేలింది. కాబట్టి భయపడి ఆలస్యం చేయడం కూడా హానే.

ఆంప్యూల్ మీద ఏముందో పైకి చదవండి. సాధారణంగా దొరికేది 50 శాతం, 2 మి.లీ. అంటే ఒక ఆంప్యూల్‌లో 1 గ్రాము. ఈ లెక్క మారితే కింద చెప్పిన కలుపుడు అంతా మారుతుంది. అందుకే లేబుల్ చదవకుండా ఎవరి నోటి లెక్కా తీసుకోవద్దు.

మొదటి మోతాదులో రెండు భాగాలుంటాయి. ఐవీకి 4 ఆంప్యూళ్లు, అంటే 8 మి.లీ. 20 మి.లీ. సిరంజిలోకి తీసుకుని 12 మి.లీ. నార్మల్ సెలైన్ కలిపితే 20 శాతం ద్రావణం 20 మి.లీ. అవుతుంది, అందులో 4 గ్రాములు. ఇది కనీసం 5 నిమిషాలు పట్టాలి. 10 నుంచి 15 నిమిషాలు తీసుకుంటే ఇంకా మంచిది. ఒళ్లంతా వేడెక్కినట్టు, ముఖం ఎర్రబడినట్టు అనిపిస్తుందని, కాస్త వికారం రావచ్చని ఆమెకు ముందే చెప్పండి. చెప్పకపోతే ఆమె భయపడి లేచి కూర్చుంటుంది, మీరు మందు పడలేదేమో అనుకుంటారు. 50 శాతం మందును పలచన చేయకుండా ఐవీ ఇవ్వడం ప్రాణాంతకమైన తప్పు.

రెండో భాగం కండరానికి. ఒక్కో పిరుదుకు 5 ఆంప్యూళ్లు, అంటే 50 శాతం మందే 10 మి.లీ., దాంతోపాటు అదే సిరంజిలో 2 శాతం లిగ్నోకెయిన్ 1 మి.లీ. పొడవైన సూదితో, బయటి పై భాగంలో లోతుగా. ఇది పలచన చేయరు. చాలా నొప్పిగా ఉంటుంది, లిగ్నోకెయిన్ మరవద్దు. లెక్క చూస్తే ఐవీకి 4, కండరానికి 10, మొత్తం 14 ఆంప్యూళ్లు, 14 గ్రాములు. ఖాళీ ఆంప్యూళ్లను ట్రేలోనే ఉంచి, ఇంకొకరు లెక్కపెట్టాకే పారేయండి. ఎంత పెట్టామన్న గొడవ షిఫ్ట్ మారేటప్పుడు వస్తే తేల్చేది ఆ ఖాళీ ఆంప్యూళ్లే.

ఆ తర్వాత ప్రతి 4 గంటలకు 5 గ్రాములు, ఒకసారి ఒకవైపు, తర్వాత రెండోవైపు. కాన్పయినప్పటి నుంచి గానీ చివరి ఫిట్ నుంచి గానీ, ఏది ఆలస్యమైతే దాని నుంచి 24 గంటలు కొనసాగుతుంది. ప్లేట్‌లెట్లు బాగా తగ్గినవాళ్లకు కండరంలో ఇస్తే అక్కడే రక్తం గడ్డలుగా చేరుతుంది. రిపోర్ట్ చూపించి ఐవీ పద్ధతి అడగండి. అందులో 4 గ్రాముల తర్వాత గంటకు 1 గ్రాము పంప్ ద్వారా వెళుతుంది. పంప్ లేకుండా పెద్ద సీసాలో కలిపి వదిలేసే పద్ధతిని మేం ఒప్పుకోం. బీపీ పడిందని ఎవరో కంగారులో క్లాంప్ పూర్తిగా తెరిచేది ఆ సీసానే అయితే, సెలైన్ అనుకుని గ్రాముల కొద్దీ మెగ్నీషియం నిమిషాల్లో ఎక్కించేసినట్టే. లైన్‌కి రెండు చోట్ల పెద్ద అక్షరాలతో లేబుల్ అంటించండి, సీసా దగ్గర ఒకటి, చేతి దగ్గర ఒకటి.

మెగ్నీషియం: కాపలా

ప్రతి డోసుకు ముందు మూడు పరీక్షలు. మోకాలి రిఫ్లెక్స్ రావాలి, అంటే మోకాలి చిప్ప కింద తడితే కాలు ఎగరాలి. శ్వాస నిమిషానికి 16కు తగ్గకూడదు. మూత్రం గడిచిన 4 గంటల్లో గంటకు 30 మి.లీ. చొప్పున అయినా రావాలి. ఈ మూడింట్లో ఒక్కటి తప్పినా డోసు ఆపి డాక్టర్‌ని పిలవండి. 'రిఫ్లెక్స్ ఉంది కదా, మూత్రం తర్వాత చూద్దాం' అనడం కుదరదు. ఈ మందు బయటికి పోయే దారి కిడ్నీలే. మూత్రం తగ్గిందంటే ఇప్పటికే ఇచ్చిన మందు ఒంట్లో పేరుకుంటోందని అర్థం, రిఫ్లెక్స్ పోవడం దాని తర్వాతి మెట్టు. అందుకే ఫోలీ క్యాథెటర్ (మూత్రం గొట్టం) వేసి, గంట గంటకూ కొలిచే సంచి తగిలించండి.

మందు ఎక్కువైనప్పుడు దెబ్బ ఒక వరసలో పడుతుంది. రిఫ్లెక్స్ ముందు పోతుంది. మాట ముద్దగా, మగతగా, కండరాలు సత్తువ లేనట్టు అవుతుంది. ఆ తర్వాత ఊపిరి మందగిస్తుంది. చివరికి గుండె ఆగుతుంది. ఈ వరస మనకు కలిసొచ్చేదే, ఊపిరికంటే ముందే మోకాలు హెచ్చరిస్తోంది. కాకపోతే వెన్నులో స్పైనల్ మత్తు గానీ ఎపిడ్యూరల్ మత్తు గానీ ఇచ్చినవాళ్లకు మోకాలి రిఫ్లెక్స్ ఎలాగూ ఉండదు. వాళ్లకు మోచేతి దగ్గర చూడాలి.

మొదటి డోసు వెళుతున్నంతసేపూ పక్కనే ఉండి 5 నిమిషాలకోసారి శ్వాస, పల్స్, బీపీ చూడండి. తర్వాత గంటకోసారి శ్వాస, రిఫ్లెక్స్, ఆక్సిజన్ శాతం, మూత్రం. శ్వాస పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే, ఒక్క శ్వాస అటూ ఇటూ అయినా నాలుగు తేడా వస్తుంది. 12కూ 16కూ మధ్య ఉన్నది సరిగ్గా ఆ నాలుగే.

విరుగుడు కాల్షియం గ్లూకోనేట్. 10 శాతం, 10 మి.లీ., అంటే 1 గ్రాము. మెగ్నీషియం మొదలుపెట్టే ముందే ఆ ఆంప్యూల్, సిరంజి, సూది ఒక కవర్లో పెట్టి మంచానికే అంటించండి. అవసరం పడ్డాక స్టోర్ తాళం వెతుక్కునే వ్యవధి ఉండదు. ఊపిరి మందగించినా ఆగినా మొదట మెగ్నీషియం ఆపండి, చేత్తో నొక్కి గాలి పంపే అంబు బ్యాగ్‌తో ఊపిరి అందించండి, ఇంకొకరు గ్లూకోనేట్‌ను 3 నిమిషాలకు తగ్గకుండా నెమ్మదిగా ఐవీ ఇవ్వాలి. బిడ్డ కూడా పుట్టగానే మెత్తగా, మందకొడిగా ఉండవచ్చు. పిల్లల డాక్టర్‌కి ముందే మాట అందించండి.

సెలైన్ విషయంలో చేతిని కట్టేసుకోండి. ప్రీఎక్లాంప్సియాలో రక్తనాళాల నుంచి నీరు ఇట్టే బయటికి కారి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అన్ని లైన్లూ కలిపి గంటకు 80 మి.లీ. మించకుండా ఉంచడం సాధారణ పద్ధతి. మూత్రం తగ్గిందని సెలైన్ సీసాలు వరసగా ఎక్కిస్తే ఆయాసంతో కొట్టుకునే మనిషి మిగులుతుంది.

ఫిట్ వచ్చినప్పుడు

అందరూ పరిగెత్తడం తప్పు కాదు. ఎవరి పని ఏదో ముందే తెలియకపోవడమే తప్పు. షిఫ్ట్ మొదట్లోనే నాలుగు పనులు నలుగురికి పంచుకోండి: తల దగ్గర ఒకరు, లైన్, మందులు ఒకరికి, టైము చూసి రాసేవారు ఒకరు, పిలవడానికీ తెచ్చిపెట్టడానికీ ఒకరు. ఇద్దరే ఉంటే తల దగ్గర ఉన్నవారు కదలకూడదు, రెండోవారు ముందు గట్టిగా అరిచి సాయం పిలిచి మందు మీదికి వెళ్లాలి.

తల దగ్గరివారు ఆమెను ఎడమవైపు తిప్పాలి, మంచం పక్క కడ్డీలు ఎత్తాలి, మాస్క్‌తో ఆక్సిజన్ పెట్టాలి. నోట్లో చెంచా, గుడ్డ, వేలు, ఏదీ దూర్చవద్దు. పళ్లు విరుగుతాయి, విరిగిన పన్ను ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోవద్దు. కొట్టుకోవడం ఆగాక సక్షన్‌తో నోరు, గొంతు శుభ్రం చేయండి. చాలా ఫిట్లు ఒకటి రెండు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. మెగ్నీషియం ఇచ్చేది ఈ ఫిట్‌ను ఆపడానికి కంటే తర్వాతిది రాకుండా చూడటానికి. మొదటి డోసు ఇచ్చి 15 నిమిషాలు దాటాక మళ్లీ వస్తే 2 గ్రాములు ఐవీ, 4 మి.లీ. మందుకు 6 మి.లీ. సెలైన్ కలిపి 5 నిమిషాల్లో.

ఫిట్ సమయంలో బిడ్డ గుండె చప్పుడు 110 కంటే కిందికి పడటం మామూలుగా జరిగేదే. తల్లికి ఆక్సిజన్ అంది స్థిమితపడితే కొన్ని నిమిషాల్లో తిరిగి కోలుకుంటుంది. ఆ మానిటర్ చూసి తల్లిని అదే స్థితిలో థియేటర్‌కి తోసుకుపోవడం ఆమె ప్రాణానికే ముప్పు. ముందు తల్లి ఊపిరి, బీపీ, మెగ్నీషియం. కాన్పు గురించి ఆ తర్వాత. చప్పుడు తేరుకోకపోతే, పొట్ట గట్టిగా రాయిలా అయితే, రక్తం కనిపిస్తే మాయ విడిపోయిందేమో అనుమానించి ఆ మాటే డాక్టర్‌కి చెప్పండి.

రక్తస్రావం: కొలత

ఇక మీ మూడో ప్రశ్న. బిడ్డ బయటికొచ్చి ఉమ్మనీరు కారిపోయాక, పిరుదుల కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ డ్రేప్ పరవండి. ముందే పరిస్తే ఉమ్మనీరు కలిసి లెక్క చెడుతుంది. డ్రేప్ లేకపోతే గుడ్డలు, ప్యాడ్లు తూచండి. పొడిగా ఉన్నప్పటి బరువు ముందే తూచి గోడ మీద రాసి పెట్టుకుని, తడిసిన బరువులోంచి తీసేయండి. గ్రాముకు మిల్లీలీటరు చొప్పున లెక్కిస్తే పనికి సరిపోతుంది. గడ్డలు కూడా తూకంలో పడాలి, బేసిన్‌లోకి తోసేయకూడదు.

గీత ఎక్కడ? చాలాకాలంగా 500 మి.లీ. దాటితే రక్తస్రావం అంటున్నాం. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇంకా ముందే కదలమన్నారు. కొలిచిన రక్తం 300 మి.లీ. చేరి, పల్స్ 100 దాటడం, పై బీపీ 100 కంటే తగ్గడం, కింది బీపీ 60 కంటే తగ్గడం వంటి గుర్తు ఒక్కటి ఉన్నా చికిత్స మొదలుపెట్టాలి. ఏ గుర్తూ లేకపోయినా 500 దగ్గర మొదలుపెట్టాల్సిందే. పల్స్‌ను పై బీపీతో భాగించి చూడటం కూడా అలవాటు చేసుకోండి. 0.9 దగ్గరే జాగ్రత్త పడాలి, 1 దాటితే ఆమె రక్తం లోటులో ఉన్నట్టే. గర్భంతో ఉన్న మనిషి ఒంట్లో రక్తం ఎక్కువగా ఉంటుంది కనుక చాలా పోయేదాకా బీపీ నిలబడే ఉంటుంది. బీపీ పడేసరికి మీరు ఆలస్యమైనట్టే. పల్స్ ముందు చెబుతుంది. బీపీ ఎక్కువున్న తల్లి సంగతి ఇంకా మోసం. 160 ఉన్నామెకు 110కి వస్తే 'నార్మల్ అయింది' అనిపిస్తుంది. రక్తహీనత ఉన్న తల్లికి ఈ అంకెలేవీ చేరకముందే ముప్పు మొదలవుతుంది.

రాకుండా చూసే పనులు ముందు. బిడ్డ పుట్టగానే, ఇంకో బిడ్డ లేదని తడిమి చూసి, నిమిషంలోపు గర్భసంచిని బిగించే మందు ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండరానికి. ఆంప్యూళ్లు 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి. ట్రేలో ఎండ తగిలేచోట రోజంతా పడి ఉన్న ఆక్సిటోసిన్ రంగు మారదు, సత్తువ మాత్రం పోతుంది. ఇచ్చినా గర్భసంచి బిగుసుకోకపోతే అనుమానించాల్సిన వాటిలో ఇదొకటి. ఆ తర్వాత 2 గంటలపాటు 15 నిమిషాలకోసారి పొట్ట మీద చేయి వేసి గర్భసంచి గట్టిగా ఉందో లేదో చూడండి, ప్యాడ్ చూడండి, పల్స్, బీపీ రాయండి. కాన్పు బాగా జరిగిందని అందరూ బిడ్డ చుట్టూ చేరేది ఈ 2 గంటల్లోనే.

రక్తస్రావం: చికిత్స

గీత దాటగానే పనులు ఒకదాని తర్వాత ఒకటి కాదు, అన్నీ ఒకేసారి. గర్భసంచిని రుద్దడం, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్ యాసిడ్ (కట్టిన రక్తం గడ్డ కరగకుండా చూసే మందు), ఐవీ సెలైన్, కారణం వెతకడం. 'మొదట ఇది పనిచేస్తుందో చూసి' అని ఆగుతూ పోతే అరగంట గడిచిపోతుంది. ఆఫ్రికాలోని 4 దేశాల్లో 80 ఆసుపత్రుల్లో జరిగి 2023లో వెలువడిన ఈ-మోటివ్ ట్రయల్ పరీక్షించింది సరిగ్గా దీన్నే. డ్రేప్‌తో కొలిచి, ఈ పనులన్నీ కలిపి ఒకేసారి చేసినచోట తీవ్ర రక్తస్రావం, దానివల్ల ఆపరేషన్, మరణం కలిపి 60 శాతం తగ్గాయి. అక్కడ వాడినవన్నీ మీ గదిలో ఇప్పటికే ఉన్న మందులే.

రెండు చేతులకూ పెద్ద క్యానులాలు, 16 నంబరువి. సూది వేసేటప్పుడే గ్రూపింగ్, క్రాస్‌మ్యాచ్‌కి రక్తం తీయండి. ఇంకో 2 మి.లీ. ఒట్టి గాజు గొట్టంలో పోసి పిడికిట్లో పట్టుకోండి. 4 నిమిషాల తర్వాత నిమిషానికోసారి నెమ్మదిగా వంచి చూడండి. 7 నిమిషాలకూ గడ్డ కట్టకపోయినా, కట్టింది ముట్టగానే చెదిరిపోయినా గడ్డకట్టే గుణం దెబ్బతిందన్నమాట. ల్యాబ్ రిపోర్ట్ కంటే ముందే ఈ సంగతి బ్లడ్ బ్యాంక్‌కి చెప్పవచ్చు.

ఆక్సిటోసిన్ 10 యూనిట్లు ఐవీ ద్వారా పలచన చేసి, తర్వాత లీటరు సెలైన్‌లో 20 యూనిట్లు 4 గంటలపాటు. ఒక్కసారిగా తోస్తే బీపీ కూలిపోతుంది. ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము, 10 నిమిషాల్లో ఐవీ. కాన్పయి 3 గంటల్లోపే ఇవ్వాలి, ఆలస్యమైన ప్రతి 15 నిమిషాలకూ దాని మేలు తగ్గిపోతుంది. 30 నిమిషాల తర్వాత కూడా ఆగకపోతే ఇంకో గ్రాము. ఈ ఆంప్యూల్‌ను స్పైనల్ మందుల ట్రేకి దూరంగా పెట్టండి. చూడటానికి ఒకేలా ఉండే ఆంప్యూళ్ల వల్ల పొరపాటున వెన్నులోకి ఎక్కించి తల్లులు చనిపోయిన సందర్భాలున్నాయి.

గర్భసంచి ఇంకా మెత్తగానే ఉంటే తర్వాతి మందులు. మిథైల్ ఎర్గోమెట్రిన్ 0.2 మి.గ్రా. కండరానికి, బీపీ ఉన్నవాళ్లకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు వద్దు. కార్బోప్రోస్ట్ 250 మైక్రోగ్రాములు కండరానికి, ఆస్తమా ఉంటే వద్దు. మిసోప్రోస్టాల్ 800 మైక్రోగ్రాములు నాలుక కింద, దీంతో చలి, జ్వరం వస్తాయి, ఇన్ఫెక్షన్ అనుకుని కంగారుపడకండి. ప్రీఎక్లాంప్సియా తల్లి కేస్‌షీట్ మీద 'ఎర్గోమెట్రిన్ వద్దు' అని కాన్పుకు ముందే ఎర్ర ఇంకుతో రాయండి. రక్తం పోతున్న హడావుడిలో ఆమె బీపీ కేసని గుర్తుండదు.

మందులు వెళుతుండగానే మీ చేయి కారణం వెతకాలి. గర్భసంచి మెత్తగా, బొడ్డు పైకి, కుడివైపుకి జరిగి ఉంటే మూత్రాశయం నిండి ఉంది. క్యాథెటర్ వేస్తే సగం సమస్య అక్కడే తీరవచ్చు. గట్టిగానే ఉన్నా ఎర్రటి రక్తం ఆగకుండా ధారగా వస్తుంటే ఎక్కడో చిరిగింది. మంచి వెలుగులో గర్భద్వారం దాకా చూడాలి, ఎన్ని ఆక్సిటోసిన్లు ఇచ్చినా చిరుగు మూసుకోదు. మాయను బోర్లించి ముక్కలన్నీ పొందికగా కలుస్తున్నాయో, పొర చివర రక్తనాళం తెగి ఆగిందో చూడండి, తేడా ఉంటే ముక్క లోపలే మిగిలి ఉండవచ్చు. పొట్ట మీద గర్భసంచి చేతికి అసలు తగలకుండా, పోయిన రక్తానికి మించిన షాక్‌లో ఉంటే అది లోపలికి తిరగబడి ఉండవచ్చు. మాయ అంటుకునే ఉన్నా లాగవద్దు, వెంటనే పిలవండి. డాక్టర్ వచ్చేదాకా రక్తం ఆగకపోతే రెండు చేతులతో నొక్కి పట్టడమే ఆధారం. ఒక పిడికిలి యోని లోపల, రెండోది పొట్ట మీద నుంచి గర్భసంచి వెనక. ఇది నేర్చుకోవడానికి నిజమైన రక్తస్రావం దాకా ఆగకండి, బొమ్మ మీద చేయండి. చేతులు ఎంత త్వరగా అలిసిపోతాయో, మార్చుకోవడానికి ఇంకొకరు ఎందుకు కావాలో అప్పుడు తెలుస్తుంది.

ఫోన్‌లో 'సార్, బ్లీడింగ్ ఎక్కువగా ఉంది' అంటే అవతలివారికి ఏమీ అర్థం కాదు. ఇలా చెప్పండి: 'రెండో బెడ్, కాన్పయి 25 నిమిషాలు. 450 మి.లీ. కొలిచాం, ఇంకా పోతోంది. పల్స్ 112, బీపీ 96/60. గర్భసంచి మెత్తగా ఉంది, మాయ పూర్తిగా వచ్చింది. ఆక్సిటోసిన్ ఎక్కుతోంది, ట్రానెక్సామిక్ మొదలుపెట్టాం. మీరు ఇప్పుడే రావాలి.' అంకెలు విన్నాక ఎవరూ 'కాసేపు చూడండి' అనరు. అన్నా, ఆ మాట టైముతో సహా రాసి, మీ ఇన్‌చార్జి ద్వారా పైవారిని పిలవండి.

ఇంకో రెండు మాటలు, మీరు అడగకపోయినా. కాన్పుకు ముందు రక్తం కనిపించిన గర్భిణికి, మాయ ఎక్కడుందో స్కాన్‌లో తేలేదాకా లోపలి పరీక్ష చేయవద్దు. మాయ అడ్డంగా ఉంటే మీ వేలే పెద్ద రక్తస్రావానికి కారణమవుతుంది. ఉమ్మనీరు పోయిన ప్రతిసారీ వెంటనే బిడ్డ గుండె చప్పుడు వినండి. హఠాత్తుగా పడిపోయి బొడ్డు తాడు జారినట్టు తేలితే, చేత్తో తలను పైకి ఎత్తి పట్టి తల్లిని మోకాళ్లు, ఛాతీ మంచానికి ఆనేలా బోర్లా తిప్పండి. బిడ్డ బయటికొచ్చేదాకా ఆ చేయి తీయవద్దు.

చివరగా, మెగ్నీషియం 24 గంటలు పూర్తయిందని బీపీ కేసును మరిచిపోకండి. కాన్పు తర్వాత బీపీ బాగా పెరిగేది 3 నుంచి 6 రోజుల మధ్య, అంటే చాలామంది ఇంటికి వెళ్లిపోయాక. ఫిట్స్ కూడా అప్పుడు మొదటిసారి రావచ్చు. డిశ్చార్జ్ కాగితంలో బీపీ మాత్రలు ఎన్ని రోజులో, మళ్లీ బీపీ ఎప్పుడు చూపించుకోవాలో తేదీతో రాయించండి. తలనొప్పి, చూపు మసక, పొట్ట పైన నొప్పి, ఆయాసం, గంటలో ఒక ప్యాడ్ పూర్తిగా తడిసేంత రక్తం, వీటిలో ఏది వచ్చినా అదే రోజు తీసుకురావాలని తల్లికే కాదు, ఇంట్లో ఆమె పక్కన ఉండబోయే మనిషికి కూడా చెప్పి, వాళ్ల నోటితో తిరిగి చెప్పించుకోండి.